జహీరాబాదు కోర్టు నుంచి ఢిల్లీ దాకా

దావా, వకీలు, జామీను, జప్తు, హాజరు, అమీనా... జహీరాబాదు కోర్టు ఆవరణలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా వినిపించే ఈ మాటలన్నీ మన ఇళ్లలో మాట్లాడుకునే ఉర్దూ నుంచి తెలుగులోకి వచ్చినవే. చెరకు పొలం తగాదా మీద వచ్చిన రైతు అయినా, దుకాణం అద్దె గొడవ మీద వచ్చిన వ్యాపారి అయినా అవే మాటలు పలుకుతారు. అయితే ఆ కోర్టులో న్యాయపీఠం మీద కూర్చునే స్థాయికి మన పిల్లలు ఎందుకు తక్కువగా చేరుతున్నారని మనం తరచూ బాధపడుతుంటాం. బాధపడటానికి ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. డాక్టరు కావాలంటే ఏ పరీక్ష రాయాలో మన వీధిలో ప్రతి తల్లికీ తెలుసు. హైకోర్టు జడ్జి కావాలంటే ఏం చేయాలో ఎందరికి తెలుసు? ఆ పదవికి పరీక్ష లేదు, దరఖాస్తు లేదు. అడిగితే దొరికేది కాదు. చూసి, విచారించి, పిలిచి ఇచ్చేది.

ఆ పిలుపు ఎలా వస్తుందో అర్థం చేసుకోవడానికి మన హైకోర్టు నుంచే సుప్రీంకోర్టుకు ఎదిగిన జస్టిస్ సయ్యద్ షా మొహమ్మద్ ఖాద్రీ జీవితం మంచి ఉదాహరణ.

రెండు కాలాల ఎంపిక

ఖాద్రీ సాహెబ్ 1938 ఏప్రిల్ 5న జన్మించారు. న్యాయవాద వృత్తిలో పేరు తెచ్చుకుని, 1986లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. అప్పటికి ఆయన వయసు 48 సంవత్సరాలు. పదకొండేళ్ల తర్వాత, 1997 డిసెంబర్ 4న సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ప్రమాణం చేశారు. 2003 ఏప్రిల్‌లో పదవీ విరమణ పొందారు.

ఈ రెండు నియామకాల మధ్య ఎంపిక పద్ధతే మారిపోయింది. 1981లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, న్యాయమూర్తుల నియామకంలో చివరి మాట ప్రభుత్వానిది. ఖాద్రీ హైకోర్టుకు వచ్చింది ఆ కాలంలోనే. 1993 అక్టోబర్ 6న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని తిరగరాసి, ప్రధాన న్యాయమూర్తి తన సీనియర్ సహచరులతో కలిసి చెప్పిన మాటే ముఖ్యమని తేల్చింది. ఆ తీర్పులో మెజారిటీ అభిప్రాయం రాసిన జస్టిస్ జె.ఎస్. వర్మే 1997లో భారత ప్రధాన న్యాయమూర్తి. ఆయన హయాంలోనే ఖాద్రీ సుప్రీంకోర్టుకు వెళ్లారు.

ఇక్కడ వయసు లెక్క కూడా గమనించాలి. హైకోర్టు న్యాయమూర్తి 62 ఏళ్లకు, సుప్రీంకోర్టు న్యాయమూర్తి 65 ఏళ్లకు విరమించాలి. ఢిల్లీ పిలుపు వచ్చేనాటికి ఖాద్రీకి 59 నిండాయి. మరో మూడేళ్లు పిలుపు రాకుంటే హైకోర్టుతోనే ఆయన ప్రయాణం ముగిసేది.

పేరు ఎక్కడ మొదలవుతుంది?

రాజ్యాంగం 217వ అధికరణం ప్రకారం హైకోర్టు న్యాయమూర్తి కావాలంటే భారత పౌరుడై, పదేళ్లు హైకోర్టు న్యాయవాదిగా గానీ, పదేళ్లు న్యాయాధికారిగా గానీ పనిచేసి ఉండాలి. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, మరో ఇద్దరు సీనియర్ న్యాయమూర్తులు కలిసి పేర్లు ప్రతిపాదిస్తారు. వాటిపై ముఖ్యమంత్రి, గవర్నర్ అభిప్రాయం తీసుకుంటారు. కేంద్రం ఆ వ్యక్తి నడవడిక గురించి ఇంటెలిజెన్స్ బ్యూరో ద్వారా విచారణ జరిపిస్తుంది. ఆ తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి, ఇద్దరు సీనియర్ న్యాయమూర్తులు ఉండే కొలీజియం ఆమోదించాలి. చివరగా రాష్ట్రపతి సంతకం. సుప్రీంకోర్టు పదవికైతే కొలీజియంలో ప్రధాన న్యాయమూర్తితో పాటు నలుగురు ఉంటారు. ఈ సంఖ్యలు 1998లో ఖరారయ్యాయి.

ఈ పద్ధతి తలుపులు మూసుకుని జరుగుతోందన్న విమర్శ బలంగానే ఉంది. దీన్ని మార్చడానికి 2014లో పార్లమెంటు జాతీయ న్యాయ నియామకాల కమిషన్ చట్టం చేసింది. 2015 అక్టోబర్ 16న సుప్రీంకోర్టు 4–1 తేడాతో దాన్ని కొట్టివేసింది. విభేదించిన ఆ ఒక్కరు మన తెలుగువారైన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. 2017 నుంచి కొలీజియం తీర్మానాలను బయట పెట్టడం మొదలైంది. ఇంకొక మాట కూడా నిజం: ఈ ఉన్నత పదవులకు రాజ్యాంగంలో రిజర్వేషన్ లేదు. అంటే ఎంపిక చేసే వారి కంట పడినవారే ముందుకు వస్తారు.

రెండు దారులు

మన జహీరాబాదు కుటుంబాలకు అసలు చిక్కు ఇక్కడే ఉంది. హైకోర్టు న్యాయమూర్తులు చూసేది తమ ఎదుట నిత్యం వాదించే వకీళ్లనే. హైకోర్టు ఇక్కడికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. పైగా పేరు ప్రతిపాదించేటప్పుడు వకీలు ఆదాయం కూడా చూస్తారు. చిన్న పట్టణంలో పేదవాడి దావా నడిపే వకీలుకు వచ్చే ఫీజు ఎంతో మనకు తెలుసు. కాబట్టి ఆ దారిన పోదలచిన పిల్లవాడు తొలినాళ్లలోనే హైదరాబాదు చేరి, మంచి సీనియర్ దగ్గర జూనియర్‌గా కుదురుకోవాలి. మొదటి నాలుగైదేళ్లు చేతికి పెద్దగా ఏమీ రాదు. ఆ కాలంలో ఇంటివారు ఓపిక పట్టలేక దుకాణంలో కూర్చోమంటే, ఆ దారి అక్కడితో ఆగిపోతుంది.

రెండో దారి పరీక్షది. సివిల్ జడ్జి పరీక్ష రాసి కింది కోర్టులో చేరి, సంగారెడ్డి వంటి చోట జిల్లా జడ్జి దాకా ఎదిగి, అక్కడి నుంచి హైకోర్టుకు వెళ్లేవారున్నారు. కేరళకు చెందిన జస్టిస్ ఎం. ఫాతిమా బీవీ ఈ దారినే నడిచారు. 1950లో వకీలుగా నమోదై, 1958లో మున్సిఫ్‌గా చేరారు. మెట్టు మెట్టు ఎక్కి 1974లో జిల్లా జడ్జి, 1983లో హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1989 ఏప్రిల్‌లో హైకోర్టు నుంచి విరమించాక, ఇక అయిపోయిందనుకున్న వేళ, అదే ఏడాది అక్టోబర్ 6న సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు. ఆడపిల్లకు లా చదువెందుకని అడిగే పెద్దలు ఈ తేదీలను ఒకసారి చదువుకోవాలి.

పీఠం ఎక్కాక

పదవి దక్కడం ఒక ఎత్తు, అక్కడ చేసిన పని మరో ఎత్తు. 2002 ఏప్రిల్ 10న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తరఫున ఖాద్రీ రాసిన తీర్పు న్యాయ విద్యార్థులు నేటికీ చదువుతారు. ఒక దంపతుల విడాకుల వ్యాజ్యం అది. సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చేసింది, పునఃసమీక్ష కూడా తోసిపుచ్చింది. ఆ తర్వాత కూడా అన్యాయం మిగిలిపోతే దిక్కెవరు? ‘క్యూరేటివ్ పిటిషన్’ అనే చివరి తలుపును ఆ తీర్పు తెరిచింది. తలుపు ఇరుకైనదే. తన వాదన వినకుండానే తీర్పు వచ్చిందనో, తీర్పరికి పక్షపాతం ఉందనో చూపాలి. సీనియర్ న్యాయవాది ధ్రువీకరణ ఉండాలి. అయినా దేశంలో అత్యున్నత న్యాయస్థానం తాను కూడా పొరపడవచ్చని ఒప్పుకుని, దిద్దుకునే వీలు తానే ఉంచుకున్నది.

ఇమామ్ అబూ హనీఫా ఖాజీ పదవిని తిరస్కరించి చెరసాలకు వెళ్లారని, ఆయన శిష్యుడు అబూ యూసుఫ్ అదే పదవిని స్వీకరించి ప్రధాన ఖాజీగా పేరు పొందారని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. తీర్పు చెప్పే పని ఎంత బరువైనదో గురువు చూపారు. ఆ బరువు ఎవరో ఒకరు మోయాలని శిష్యుడు చూపాడు.

మన పట్టణంలో లా చదువుతున్న అబ్బాయిలు, అమ్మాయిలు ఉన్న ఇళ్లకు మేము చెప్పేది ఒకటే. మీ బిడ్డను ఈ రెండు దారుల్లో ఏది ఎంచుకుంటావని ఈ ఏడే అడగండి. హైదరాబాదు దారి అంటే ఐదేళ్ల ఖర్చు ముందే లెక్క వేసుకోండి. పరీక్ష దారి అంటే పుస్తకాలు కొనిచ్చి, చదువుకునే గంటల్లో ఇంటి పని చెప్పకండి. పిలుపు మన చేతిలో లేదు. పిలుపు వచ్చే వరకు బిడ్డను ఆ దారిలో నిలబెట్టడం మాత్రం మన చేతిలోనే ఉంది.