చలికాలం ఈత కల్లు, గట్టు మీద తాళ్లు

పోయిన వారం వీడియోలో మా గౌడ్ మామ మోకు, ముత్తాదు వేసుకొని తాడెక్కి లొట్టి దింపడం చూసే ఉంటారు. అది చూసి ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి, "అన్నా, ప్రకృతి వ్యవసాయం చెప్పేటోడివి, కల్లు ముచ్చట ఎందుకే?" అన్నరు. అందుకే ఇది రాస్తున్నా.

ముందు నా ఇష్టాలు చెప్తా. డిప్లొమా చదివేటప్పుడు స్నేహితులతో బీరు తాగిన. చల్లగా ఉన్నంతసేపే బాగుంటది, చల్లదనం పోతే చేదు ఒక్కటే మిగుల్తది. నాసిక్‌లో ద్రాక్షతోటలు చూడబోయినప్పుడు వైన్ రుచి చూసిన. వగరు నాకు పడలేదు గానీ, అక్కడివాళ్లు ముందు నేల గురించి మాట్లాడి తర్వాత సీసా గురించి మాట్లాడటం నచ్చింది. ఆదిలాబాద్ వైపు ఒక దోస్తు ఇంట్లో ఇప్పసారా వాసన చూసిన. పువ్వు వాసన గమ్ముగా వచ్చింది గానీ తాగలేదు. ఇంట్లో సారా కాచుడు నేరం, పైగా ప్రాణాల మీదికి తెచ్చే పని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే, 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ కోపం ఊరికే రాలేదు.

నాకు నచ్చేది ఒక్కటే: చలికాలం, తెల్లవారి ఆరింటికి దించిన ఈత కల్లు. అదీ ఒక గ్లాసు, అంతే.

కల్లు సంగతి మనకు కొత్తగా చెప్పక్కర్లేదు, జీవామృతం కలిపే చేతులు మనవి. డ్రమ్ములో బెల్లం, పేడ, మూత్రం, పిండి, గుప్పెడు గట్టు మట్టి వేసి 48 గంటలు ఉంచితే సూక్ష్మజీవులు పని చేస్తయి కదా. లొట్టిలో జరిగేదీ అలాంటిదే. చెట్టు నుంచి కారే నీరు తీపి. గాలిలో, లొట్టి గోడలకు ఉండే ఈస్ట్, బ్యాక్టీరియా ఆ చక్కెరను తినడం మొదలుపెట్టగానే నురగ, పులుపు, మత్తు వస్తాయి. లొట్టి లోపల సున్నం రాస్తే పులవడం ఆగి నీరా అవుతుంది. సున్నం లేకపోతే పొద్దుటికి తీపి కల్లు, మధ్యాహ్నానికి పులుపు, మర్నాటికి ఇంకా ఘాటు, ఆ తర్వాత వెనిగరే. అసలైన కల్లు దాచుకునేది కాదు. దాని రుచి గడియారంతో నడుస్తుంది.

చెట్టును బట్టి కూడా రుచి మారుతుంది. తాడికి గెల కొన చెక్కి కల్లు తీస్తారు. ఈతకు మాత్రం మట్ట కింద కాండాన్నే చెక్కుతారు, అందుకే మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. "చెట్టు గూడ మనిషే అల్లుడా, రోజూ గీస్తే ఎండుతది" అంటడు మామ.

ఇక అసలు బాధ. మా చిన్నాన్న ఏండ్ల తరబడి టౌన్లో దుకాణం కల్లు తాగిండు. ఒకసారి జ్వరమొచ్చి రెండు రోజులు మానేసిండు. చేతులు వణికినయి, రాత్రంతా పిచ్చి మాటలు, తెల్లారి ఫిట్స్. "ఇది కల్లు మానితే వచ్చింది కాదు, అందులో కలిపిన మందు మానితే వచ్చింది" అన్నడు డాక్టర్. ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు పట్టుబడినట్టు పేపర్లలో చూస్తూనే ఉంటాం. తాగేవాళ్లు ఎక్కువ, చెట్లు తక్కువ. ఆ లోటు పూడ్చేది నీళ్లు, శాక్రిన్, మత్తు మందులు. రసాయనాలు లేని కూరగాయలు కావాలని అడిగే మనం, ఆ గ్లాసు దగ్గర మాత్రం ఎందుకు అడగం?

ఆ యేడే ఇటుక బట్టీ వ్యాపారి మా గట్టు మీది పద్నాలుగు తాళ్లకు బేరం పెట్టిండు. ఆ డబ్బుతో డ్రిప్ వేసుకోవచ్చని నాకూ ఆశ పుట్టింది. చిన్నాన్నే అడ్డుపడ్డడు. "అవి గూడ పోతే ఊరోళ్లంతా ఆ దుకాణానికే పోతరు బిడ్డా" అన్నడు. బేరం వదిలేసిన. తాడిచెట్టు గీతకు రావాలంటే పదేండ్లు పైనే పడుతుంది. నరకడానికి అరగంట చాలు.

మనం చేయగలిగేవి చెప్తా. గట్ల మీది తాడి, ఈత చెట్లు ఉంచండి, వానల్లో ఖాళీ గట్టున తాటి టెంకలు పాతండి. గీతకు లైసెన్సు ఉన్న గౌడన్నకే చెట్లివ్వండి. చెట్టెక్కే మనిషికి రక్షణ ఉందో లేదో అడగండి. 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది, మా మామకూ ఒకటి వచ్చింది. మత్తు వద్దనుకునేవాళ్లకు నీరా ఉంది. ఒకటి మాత్రం గట్టిగా చెప్తా: దుకాణం కల్లుకు అలవాటు పడ్డవాళ్లను ఒక్కసారిగా మాన్పించకండి, డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి.

చిన్నాన్న ఇప్పుడు ఏదీ ముట్టడు. పొద్దున్నే గట్టు దాకా వచ్చి లొట్టి దింపేది చూసిపోతడు. ఈసారి వానలకు ముప్పై టెంకలు పాతింది ఆయనే. మొలకల వీడియో తర్వాత పెడతా.