దెయ్యం కనిపించాలంటే ఏ బట్ట కొనాలి?

కాలేజీ ఫెస్టుకు హాంటెడ్ హౌస్ పెడదామని మీ బ్యాచ్ తీర్మానించింది. మాస్కులు దొరికాయి, గజ్జెల చప్పుడు ఫోన్లో రికార్డయింది. మిగిలింది అసలు సీను. ఎదురుగా గోడ. లైటు మారగానే గోడ మాయమై, వెనక తెల్లచీరలో ఒక ఆకారం. రెండు క్షణాల్లో మళ్లీ గోడే. దీనికి మిషన్లేం అక్కర్లేదు. సరైన బట్ట, సరైన చోట రెండు లైట్లు చాలు.

థర్డ్ ఇయర్‌లో మేం ఇదే చేయబోయి బోల్తా పడ్డాం. చీరాల వెళ్లి మెరిసే తెల్ల ఆర్గంజా పది మీటర్లు తెచ్చాం. తీరా లైటేస్తే, స్టూలు మీద నిలబడ్డ మా సీఆర్ మొదటి నుంచీ కనిపిస్తూనే ఉన్నాడు! తప్పు బట్టది కాదు, మాదే. లైటు తిన్నగా ఎదురుగా పెట్టాం. అది బట్ట కన్నాల్లోంచి దూరి వాడి మీదే పడింది.

సూత్రం ఇంతే. ముందు లైటు బట్టకు దగ్గరగా, పైనుంచో పక్కనుంచో ఏటవాలుగా పడాలి. అప్పుడు దారాలు వెలిగి, కళ్లు అక్కడే ఆగిపోతాయి. వెనకంతా చీకటి. ఆ లైటు ఆపి, వెనక మనిషి మీద మాత్రమే లైటేస్తే దారాలు చీకట్లో కలిసిపోతాయి, మనిషి బయటపడతాడు. మనిషి బట్టకు నాలుగైదు అడుగుల దూరంలో ఉండాలి, వెనక నల్ల తెర కట్టాలి. నాటకాలవాళ్లు ఈ బట్టను స్క్రిమ్ అంటారు. తోలుబొమ్మలాట తెర వేరు. అక్కడ బొమ్మను తెరకు ఆనించి వెనక దీపం పెడతారు, కాబట్టి సన్నని తెల్లబట్ట చాలు. నీడల దెయ్యం కావాలంటే ఆ పద్ధతే చవక. మనిషి లైటు వైపు జరిగేకొద్దీ నీడ రాక్షసుడంత అవుతుంది. మాయలంటే గుర్తొచ్చేది సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ సమాజం 'మాయాబజార్' ఆడితే ఇంజినీరింగ్ విద్యార్థి తప్పకుండా చూడాలి.

ఇక బట్ట సంగతి. అసలైన స్క్రిమ్ ఖరీదు మన బడ్జెట్‌కు అందదు. దోమతెర బట్ట పన్నా పెద్దది, అతుకులు తక్కువ. అతుకు ఉంటే లైటు పడగానే గీతలా పట్టిచ్చేస్తుంది. మన వైపు మిర్చి నారుమళ్లకు కట్టే తెల్ల నైలాన్ నెట్ కూడా పనికొస్తుంది. ఊళ్లో ఎవరినైనా అడిగితే పాతది ఊరికే ఇస్తారు. హాస్పిటల్ గాజు గుడ్డ అచ్చంగా నూలుది, రంగు బాగా పడుతుంది, కానీ పన్నా చిన్నది. నల్ల నెట్ గోడలా మారదు. దాని మీద తెల్లరంగుతో కిటికీ గీస్తే మాత్రం ముందు లైటుకు కనిపించి, వెనక లైటుకు మాయమవుతుంది. రంగు పల్చగా వేయండి, కన్నాలు పూడితే పనైపోయినట్టే. షాపులో బట్టను మడతపెట్టి చూడకండి. ఒకే పొర పైకి పట్టి, సెల్‌ఫోన్ టార్చి ముందు ఏటవాలుగా, తర్వాత వెనక నుంచి వేసి చూడండి. షాపాయన నవ్వుతాడు, ఫర్లేదు.

అసలు చెప్పాల్సింది మంట గురించి. 1984 మే 11న అమెరికాలోని న్యూజెర్సీలో, గ్రేట్ అడ్వెంచర్ పార్కు హాంటెడ్ క్యాజిల్ తగలబడి ఎనిమిది మంది టీనేజర్లు చనిపోయారు. లోపల ఫోమ్ అంటుకుంది. దోమతెర, నైలాన్ నెట్ కరిగి, మండుతూ చుక్కలుగా రాలతాయి. అందుకే జనం నడిచే దారిలో వాటిని కట్టొద్దంటాను నేను, ఎంత చవకైనా సరే. అక్కడ నూలు బట్టే వాడండి. లీటరు గోరువెచ్చని నీటిలో 70 గ్రాముల బోరాక్స్, 30 గ్రాముల బోరిక్ యాసిడ్ కలిపి, చేతులకు గ్లౌజులేసుకుని బట్టను తడిపి ఆరబెట్టండి. ఆరాక చిన్న ముక్కను పట్టకారుతో పట్టి, ఆరుబయట అంటించి చూడండి. మంట తీశాక ముక్క తనంతట తాను ఆరిపోవాలి. ఉతికితే ఈ గుణం పోతుంది, నైలాన్, పాలిస్టర్లకు అసలు పనిచేయదు. హాలోజన్ లైట్లు వద్దు, ఎల్ఈడీలే పెట్టండి. తలుపులు రెండు ఉండాలి, తాళం వేయకూడదు.

ఉద్యోగం వెతికేవాళ్లకు ఇందులో ఏముందంటారా? స్టేజీ లైట్లు ఇప్పుడు చాలావరకు డీఎంఎక్స్512 మీద నడుస్తున్నాయి, ఒక లైనులో 512 చానళ్లు. మీ లైట్ల మార్పును ఆర్డ్యునోతో మీరే ప్రోగ్రామ్ చేస్తే అది మినీ ప్రాజెక్టే. ఈవెంట్ కంపెనీలు, సినిమా సెట్లు ఈ పని తెలిసినవాళ్లను అడుగుతాయి. సీరియస్‌గా చదవాలనుకుంటే ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల్లో థియేటర్ ఆర్ట్స్ విభాగాలున్నాయి, ఢిల్లీలో ఎన్ఎస్‌డీ ఉంది. రెజ్యూమెలో 'హాంటెడ్ హౌస్ చేశాం' అని రాస్తే నవ్వుతారు. ఏ బట్ట, ఏ కోణం, ఎంత ఖర్చు, మంట పరీక్ష ఎలా చేశారో రాయండి, వీడియో లింకు పెట్టండి. వీడియో తీసేటప్పుడు మాత్రం ఫోన్లో ఆటో ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. లేకపోతే అది చీకటిని వెలుగు చేసి, దెయ్యాన్ని ముందే చూపించేస్తుంది.