రోదసికి వెళ్ళి వచ్చినవారు

తెలుగువారి ఇంట గడప దాటేవారు 'వెళతాను' అనరు. 'వెళ్ళి వస్తాను' అంటారు. పిల్లవాడు తొందరలో మొదటి మాటతోనే ఆగిపోతే, ఇంట్లో పెద్దలు నొచ్చుకొని, 'వెళ్ళి వస్తానని అనరా' అని దిద్దుతారు. బడికి పోయే బాలునికైనా, కాశీయాత్రకు పోయే వృద్ధునికైనా ఇదే సంప్రదాయం. పోకతోపాటు రాకను ముడివేసి చెప్పడం మన భాషకు అలవాటు. ఈ చిన్న మాటలోని భావాన్ని మన కాలపు మహాప్రస్థానాలైన రోదసీ యాత్రలకు అన్వయించి చూస్తే ఎన్నో సంగతులు తేటపడతాయి.

మనుష్యుని మోసుకొని రాకెట్టు లేచే దృశ్యం చూసి పులకించని వారుండరు. అంకెలు వెనుకకు లెక్కబెడుతూ ఉంటే చూసేవారి ఊపిరి బిగబడుతుంది. సున్న దగ్గరకు వచ్చేసరికి నేల అదరుతుంది. నిప్పులవాన క్రిందికి కురుస్తుంది. ఆ ఎత్తైన స్తంభం మెల్లగా కదలి, చూస్తూ ఉండగానే చుక్క అయిపోతుంది. పది నిమిషాలు గడవకముందే అందులోని వారు భూమిచుట్టూ తిరిగే కక్ష్యను చేరుకుంటారు. చప్పట్లు మ్రోగుతాయి. చూసినవారు లేచి ఎవరి పనులకు వారు పోతారు. మరునాటి పత్రికలలో మొదటి పుటనిండా ఆ మంటల బొమ్మే. యాత్రికులు తిరిగి వచ్చిన వార్త మాత్రం చాలసార్లు లోపలి పుటలలోకి జారిపోతుంది. నిజానికి గుండె చిక్కబట్టుకొని చూడవలసినది ఆ రెండవ ఘట్టమే.

రోదసీ యాత్రలకు ఆద్యులైనవారు ఈ సంగతి బాగా ఎరుగుదురు. 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ 108 నిమిషాలలో భూమిని ఒకసారి చుట్టి వచ్చాడు. ఆయన ఎక్కిన వోస్తోక్ నౌకకు మనిషిని సుతారంగా నేలకు దింపే శక్తి లేదు. అందుచేత సుమారు 7 కిలోమీటర్ల ఎత్తున ఆయన నౌకనుండి వెలువడి, తన సొంత పారాచూట్‌తో వేరుగా దిగాడు. ఆ మరుసటి నెలలోనే అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ తన దేశానికి చంద్రయాత్రను లక్ష్యంగా నిర్దేశించాడు. మనిషిని చంద్రునిపై దింపటంతో ఆయన వాక్యం ముగియలేదు. క్షేమంగా భూమికి తీసుకొని రావటాన్ని కూడ ఆ వాక్యంలోనే చేర్చాడు. ఆయనకు తెలుగు రాదు గాని, చెప్పింది మాత్రం మన ఇళ్ళలోని మాటే.

మన దేశపు తొలి వ్యోమగామి రాకేశ్ శర్మ చదువుకున్నది హైదరాబాదులో. నిజాం కళాశాల విద్యార్థి. 1984 ఏప్రిల్ 3న మాలిషెవ్, స్త్రెకాలొవ్ అనే ఇద్దరు సోవియట్ యాత్రికులతో కలిసి సోయుజ్ టి-11 నౌకలో బయలుదేరి, సాల్యూత్-7 కేంద్రాన్ని చేరుకున్నాడు. అక్కడినుండి ఆయన ప్రధాని ఇందిరాగాంధీతో మాట్లాడిన సంగతి నాటివారందరికీ గుర్తే. ఆయన ఎట్లా తిరిగి వచ్చాడని అడిగితే చెప్పగలవారు అరుదు. వెళ్ళిన నౌకలో ఆయన రాలేదు. ఆ క్రొత్త నౌకను కేంద్రంలో ఇంకా ఉండవలసినవారి కోసం విడిచిపెట్టి, అంతకు ముందునుండి అక్కడ కట్టివున్న సోయుజ్ టి-10లో ఆ ముగ్గురూ ఏప్రిల్ 11న కజకస్థాన్ నేలమీద దిగారు. రోదసిలో ఎవరు ఉన్నా, వారిని ఇంటికి చేర్చే బండి వాకిట సిద్ధంగా ఉండాలన్నది ఆ యాత్రలలోని పెద్ద నియమం.

ఇటీవలి కాలానికి వస్తే, కృష్ణకు ఆవలి గట్టున గుంటూరు సీమలో పుట్టి అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో పెరిగిన బండ్ల శిరీష 2021 జూలై 11న రోదసి అంచులను తాకి వచ్చింది. ఆనాడు ఆదివారం, మన దేశంలో రాత్రివేళ. తెలుగు లోగిళ్ళలో ఎందరో టెలివిజన్‌ల ముందు కూర్చొని చూశారు. ఒక పెద్ద విమానం 'యూనిటీ' అనే నౌకను పొట్టక్రింద మోసుకొని పైకి తీసుకొనిపోయి విడిచింది. ఆ నౌక తన రాకెట్టును మండించుకొని సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు ఎగిసింది. బరువు తెలియని ఆ కొద్ది నిమిషాలలో శిరీష మొక్కలపై ఒక శాస్త్రప్రయోగం చేసింది. అటు తరువాత ఇంజను లేని గ్లైడరులాగా తేలుతూ, బయలుదేరిన విమానాశ్రయంలోనే నౌక వచ్చి వాలింది.

ఆ యూనిటీ నౌకకు దిగే వేళ తోకను పైకి మడిచే ఉపాయం ఒకటి ఉన్నది. అట్లా మడిస్తే షటిల్ ఆటలోని ఈకల బంతివలె గాలి ఒరిపిడికి వేగం తగ్గి, తిన్నగా దిగుతుంది. దీనికి తోబుట్టువైన మరొక నౌకలో 2014 అక్టోబరు 31న ఆ తోక కొక్కెం పైకి పోయే దశలోనే, తీయవలసిన సమయానికి ముందే తీయబడింది. నౌక గాలిలోనే ముక్కలైపోయింది. ఇద్దరు చోదకులలో ఒకరు మరణించారు. క్షేమంగా దింపవలసిన సాధనమే, వేళ తప్పినందువల్ల, ప్రాణం తీసింది. శిరీష ఎక్కిన నౌక తిరిగి నేలను తాకినప్పుడు వినిపించిన హర్షధ్వానాల వెనుక ఏడేండ్ల ఈ జ్ఞాపకం ఉన్నది.

కొండపల్లి బడిలో ఈ పాఠం చెప్పదలచిన ఉపాధ్యాయునికి సాధనాలకోసం వెదకవలసిన పని లేదు. పైన ఆకాశమున్నది, వీథిలో బొమ్మలున్నవి. అనువైన రోజులలో, ప్రొద్దు క్రుంకిన కొంతసేపటికో తెల్లవారకముందో ఖిల్లా కొండవైపు నిలబడి చూస్తే, మిణుకుమనకుండా వెలుగుతూ పడమటినుండి తూర్పుకు సాగిపోయే పెద్దచుక్క ఒకటి కనిపిస్తుంది. అది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ రోదసీ కేంద్రం. గంటకు 28,000 కిలోమీటర్ల వేగం దానిది. కొండపల్లినుండి మచిలీపట్నానికి పది పన్నెండు సెకనుల ప్రయాణం. 2000 నవంబరునుండి అందులో మనుషులు లేని రోజు లేదు. హైదరాబాదునుండి చదువుకోసం అమెరికా వెళ్ళిన తండ్రికి పుట్టిన రాజాచారి, 2021 నవంబరునుండి 2022 మే వరకు, ఆరునెలలకు కొద్ది రోజులు తక్కువగా, ఆ చుక్కలోనే నివసించాడు. వెళ్ళిన నౌకకు నాయకుడు కూడ ఆయనే. మే 6న ఉదయం, మన గడియారాలలో పది దాటిన వేళకు, ఆయన నౌక ఫ్లోరిడా తీరాన సముద్రంలో దిగింది. అక్కడ అది అర్ధరాత్రి దాటిన సమయం.

ఆ దిగటం ఎంతటి పనియో విద్యార్థులు గ్రహించాలి. పైకి ఎక్కేటప్పుడు రాకెట్టు ఇచ్చిన వేగమంతా దిగేటప్పుడు వదిలించుకోవాలి. దానిని వదిలించేది గాలి. నౌక తన ముందున్న గాలిని అంత వేగంతో అణచివేసేసరికి ఆ గాలి నిప్పై మండుతుంది. నౌక అడుగున ఉన్న రక్షాకవచం సుమారు 1,900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిని ఓర్చుకోవాలి. దిగే వాలు కూడ కొలిచినట్టు ఉండాలి. చెరువులో పిల్లలు విసిరే పెంకు, వాలు సరిపోతే నీటిమీద కప్పగంతులు వేస్తుంది. నిటారుగా పడితే బుడుంగున మునుగుతుంది. నౌక మరీ నిటారుగా వస్తే వేడికి, ఒత్తిడికి తట్టుకోలేదు. మరీ ఏటవాలుగా వస్తే దిగవలసిన చోటు దాటిపోతుంది. చుట్టూ కమ్మిన మంటవల్ల కొన్ని నిమిషాలు రేడియో మాట కూడ అందదు. క్రింద ఉన్నవారికి ఆ నిమిషాలు యుగాలు. పిదప ఒక కంఠం వినిపిస్తుంది. మొదట రెండు చిన్న పారాచూట్‌లు, తరువాత నాలుగు పెద్దవి విచ్చుకుంటాయి. గంటకు వేల కిలోమీటర్ల వేగంతో వచ్చిన నౌక చివరకు సైకిలు తొక్కేవాని వేగంతో నీటిని తాకుతుంది.

ఇక బొమ్మల సంగతి. కొండపల్లి శిల్పులు తెల్ల పొణికి కర్రను తెచ్చి, ఎండబెట్టి, సెగ చూపి తేమ తీసిన తరువాతనే ఉలి పడతారు. అంగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. తడి మిగిలిన కర్ర చెక్కిన నాడు బాగానే కనిపిస్తుంది. దాని లోపం బయటపడేది రంగులు వేసి కొలువులో నిలిపిన తరువాత. రోదసీ నౌకలలోని లోపాల స్వభావమూ ఇంతే. 2003 జనవరి 16న కొలంబియా నౌక లేచేటప్పుడు ఇంధనపు తొట్టినుండి ఊడిన నురుగు ముక్క ఒకటి ఎడమ రెక్కను కొట్టింది. నౌక పైకి చేరింది. పదహారు రోజులు పనులన్నీ సవ్యంగా సాగాయి. ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో రెక్కకు పడిన ఆ రంధ్రంగుండా నిప్పుగాలి లోపలికి చొరబడింది. మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ, నేలను తాకటానికి పావుగంట ముందు, అస్తమించారు. ఎక్కినరోజున తగిలిన దెబ్బకు ఫలితం దిగినరోజున కనిపించింది.

ఈ పాఠం మన తీరానికి కూడ అవసరమైనదే. హంసలదీవివద్ద కృష్ణ కలిసే బంగాళాఖాతం ఒడ్డునే, దక్షిణంగా పులికాట్ సరస్సు ప్రక్కన శ్రీహరికోట ఉన్నది. భారతీయులను భారతీయ రాకెట్టులో పంపే గగనయానానికి అక్కడ జరిగిన సన్నాహాలలో మొదటినుండి తిరిగివచ్చే విద్యకే పెద్దపీట వేశారు. 2007లో ఒక చిన్న ఉపగ్రహాన్ని పన్నెండు రోజులు కక్ష్యలో త్రిప్పి, బంగాళాఖాతంలో దింపి తీసుకొనివచ్చారు. 2014 డిసెంబరు 18న మనుషులు లేని వ్యోమగాముల గదిని సుమారు 126 కిలోమీటర్ల ఎత్తునుండి సముద్రంలోకి రప్పించారు. 2023 అక్టోబరు 21న జరిగిన పరీక్ష మరీ ఆసక్తికరమైనది: రాకెట్టుకు దారిలో ప్రమాదం జరిగితే యాత్రికులను లాగివేసి రక్షించటం ఎట్లాగన్నది దాని విషయం. ఆ ఉదయం ఇంకా 5 సెకనులు మిగిలివుండగా కంప్యూటరు ప్రయోగాన్ని నిలిపివేసింది. శాస్త్రజ్ఞులు కారణం కనుగొని, సరిచేసి, పది గంటలకు పంపారు. గది రాకెట్టునుండి విడివడి, పారాచూట్‌లతో సముద్రంలో దిగింది. నీటిమీద తలక్రిందులుగా తేలుతున్న దానిని నౌకాదళంవారు ఒడ్డుకు చేర్చారు. రాబోయే యాత్రికుల ప్రాణాలకు పనికివచ్చే ఎరుక అట్లా ముందుగానే చేతికి అందింది.

అయిదు సెకనుల దగ్గర ఆగగలగటం సామాన్యమైన ధైర్యం కాదు. లక్షలమంది చూస్తూ ఉండగా 'ఈపూట కాదు' అనటానికి లెచ్చెత్తే సాహసంకంటె పెద్ద మనస్సు కావాలి. 2025లో శుభాంశు శుక్లా యాత్ర కూడ, రాకెట్టులో ద్రవ ఆక్సిజన్ కారటంవంటి కారణాలవల్ల, పలుమార్లు వాయిదా పడింది. నాడు కొందరు విసుగుకున్నారు. జూన్ 25న వెళ్ళిన ఆయన జూలై 15న కాలిఫోర్నియా తీరాన సముద్రంలో దిగి, నవ్వుతూ వెలుపలికి వచ్చినప్పుడు ఆ వాయిదాల విలువ అందరికీ అర్థమయింది.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఇక మీదట రోదసీ యాత్ర ఏది జరిగినా, పిల్లలకు లేచే దృశ్యం చూపి ఊరుకోవద్దు. నల్లబల్ల మూలన యాత్రికుల పేర్లు వ్రాసి, వారు తిరిగి వచ్చేవరకు రోజులు లెక్కించనీయండి. మాట అందని ఆ నిమిషాల నిశ్శబ్దాన్ని తరగతిలో వారిచేత అనుభవింపజేయండి. పారాచూట్‌లు విచ్చుకొన్నప్పుడు వారు కొట్టే చప్పట్లు, మంటలు చూసి కొట్టిన చప్పట్లకంటె బిగ్గరగా ఉంటాయి. శ్రీహరికోటనుండి మనవారు లేచే నాడు దేశమంతా ఆకాశంవైపు చూస్తుంది. ఆ పిల్లలు మాత్రం, వేటకు పోయిన పడవలకోసం నాగాయలంక రేవులో ఎదురుచూసే తల్లులవలె, సముద్రంవైపు కూడ చూస్తూ ఉంటారు.