ముసలి గినీపిగ్ వీపు మీద గడ్డ

గినీపిగ్ పంది కాదు. గినీ దేశానికి చెందినదీ కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతసీమలో వేల సంవత్సరాల క్రితమే మానవుడు మచ్చిక చేసుకున్న ఈ చిన్న జంతువు 16వ శతాబ్దంలో ఓడలెక్కి యూరపు చేరింది; అక్కడినుండి ప్రపంచమంతటా వ్యాపించింది. దాని పేరు వినగానే మన దేశంలో చాలామందికి స్ఫురించేది ప్రయోగశాల. కాని గంప నిండా గడ్డి పరచి, పిలిస్తే కీచుమని బదులు పలికే ఆ ప్రాణిని ఇంటి బిడ్డలా సాకే కుటుంబాలకు అది కేవలం ఒక ముద్దుల ప్రాణి. అటువంటి కుటుంబాల వారికి ఏదో ఒకనాడు తప్పక ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉన్నది. ప్రాణి ముసలిదయింది. ఒంటిమీద గడ్డ ఒకటి చేతికి తగిలింది. ఇప్పుడేమి చేయాలి?

పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూర్‌లో ఇటువంటి ఇంటిని ఒకదానిని ఊహించుకోవచ్చు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుండి పొట్ట చేతబట్టుకొని వెళ్ళినవారి సంతతి నేటికీ ఆ పట్టణంలో వేల సంఖ్యలో ఉన్నది. నింపురా, మథురాకాటి వంటి పేటలలో తెలుగు మాట వినిపించని వీధి అరుదు. రైల్వే క్వార్టరు, ముందు వరండా, వెనుక చిన్న పెరడు. ఇంటి పిల్లవాడు మూడవ తరగతిలో ఉండగా తెచ్చుకున్న గినీపిగ్‌కు ఇప్పుడు ఆరేళ్ళు. సాధారణంగా వీటి ఆయుష్షు అయిదు నుండి ఎనిమిది సంవత్సరాలు. కనుక అది వృద్ధాప్యంలో పడినట్లే. ఒక ఆదివారం ఒళ్ళు తుడుస్తూ ఉండగా నడుము దిగువన, తోక ఉండవలసిన చోటికి కొంచెం పైన, చింతగింజంత గడ్డ ఇంటి ఇల్లాలి వేలికి తగులుతుంది.

వెంటనే ఇంటినిండా వైద్యులే. పసుపు, సున్నం కలిపి పట్టు వేయమంటుంది నాయనమ్మ. కిందటి నెల జ్వరానికి వాడగా మిగిలిన క్యాప్సూలు ఒకటి విప్పి, పావు వంతు నీళ్ళలో కలిపి పోయమంటాడు పక్కింటాయన. ‘ముసలిది కదా, దాన్ని బాధపెట్టకండి’ అంటాడు తండ్రి. ముగ్గురివీ ప్రేమతో చెప్పిన మాటలే. నాయనమ్మ వైద్యం చర్మాన్ని పొక్కించవచ్చు. తండ్రి సలహాలో కొంత న్యాయం లేకపోలేదు. పక్కింటాయన సలహా మాత్రం ఆ ప్రాణిని వారం తిరగకుండా చంపగలదు.

దీని వెనుక వైద్యచరిత్రలో చిత్రమైన కథ ఉన్నది. 1940 మే నెలలో ఆక్స్‌ఫర్డ్‌లో ఎనిమిది ఎలుకలకు ప్రాణాంతకమైన సూక్ష్మజీవులను ఎక్కించి, నాలుగింటికి మాత్రం పెనిసిలిన్ ఇచ్చారు. తెల్లవారేసరికి మందు అందని నాలుగూ చనిపోయాయి. అందినవి బ్రతికి ఉన్నాయి. మానవజాతికి వరమైన మందు ఆ విధంగా వెలుగు చూచింది. మూడేళ్ళ తరువాత, 1943లో, అమెరికాలోని పరిశోధకులు అదే మందు గినీపిగ్‌లను చంపివేస్తున్నదని ప్రకటించారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఎలుకలకు బదులు గినీపిగ్‌లను ఎన్నుకొని ఉంటే ఆ మందు గతి ఏమై ఉండేదో!

కారణం దాని పేగులలో ఉన్నది. గడ్డి తిని బ్రతికే ఈ జంతువు పెద్దపేగు మొదట ఉండే సంచిలో కోట్లకొలది మేలు చేసే సూక్ష్మజీవులు ఆ గడ్డిని పులియబెట్టి అరిగిస్తాయి. పెనిసిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్, ఎరిత్రోమైసిన్, క్లిండామైసిన్ వంటి మందులు కడుపులోకి పోతే అవి నశిస్తాయి. వాటి స్థానంలో విషాన్ని పుట్టించే క్లాస్ట్రిడియం జాతి క్రిములు విజృంభిస్తాయి. విరేచనాలు పట్టుకొని రోజుల వ్యవధిలో ప్రాణం పోతుంది. పసిపిల్లలకు సైతం ధైర్యంగా ఇచ్చే మందు గదా అని మోతాదు తగ్గించి ఇచ్చినంత మాత్రాన ఈ ప్రమాదం తప్పదు. గినీపిగ్‌లకు పనికివచ్చే సూక్ష్మజీవి నాశకాలు వేరే ఉన్నాయి. వాటిని నిర్ణయించవలసినది పశువైద్యుడే.

గడ్డ అన్న మాట ఒకటే గాని, గడ్డలన్నీ ఒకటి కావు. అసలు చిక్కంతా అక్కడనే ఉన్నది.

కొన్ని సందర్భాలలో అది గడ్డే కాదు. వీపు చివర, తోక స్థానంలో, జిడ్డును స్రవించే గ్రంథి ఒకటి వీటికి సహజంగా ఉంటుంది. ముఖ్యంగా మగవాటిలో ఆ జిడ్డు పేరుకొని, వెంట్రుకలను అట్టకట్టించి, చేతికి బుడిపెలా తగులుతుంది. కొంచెం కొబ్బరినూనె రాసి నాననిచ్చి, మెత్తగా తుడిచి, గాఢత లేని సబ్బునీటితో కడిగితే చాలు. దీనిని కణితి అనుకొని కంగారుపడినవారు లోకంలో తక్కువేమీ కాదు.

నిజమైన గడ్డ అయితే, నడుము ప్రాంతంలో తరచుగా కనిపించేది వెంట్రుక కుదుళ్ళనుండి పుట్టే నిరపాయకరమైన కణితి. గినీపిగ్ చర్మంమీద లేచే కణుతులలో అత్యంత సాధారణమైనది ఇదే. కొవ్వుగడ్డలు మరొక రకం. మెత్తగా, చర్మం కింద జారుతూ ఉంటాయి. ఇక తిత్తి. చర్మపు జిడ్డు, రాలిన కణాలు బయటికి పోయే దారి లేక లోపల పేరుకొన్న సంచి అది. పిండితే తెల్లగా, మైనంవలె బయటికి వస్తుంది. అందుచేతనే పిండాలన్న కోరిక కలుగుతుంది! ఆ కోరికను అణచుకోవాలి. సంచి గోడ లోపల మిగిలి ఉన్నంతకాలం తిత్తి మళ్ళీ నిండుతుంది. లోలోపల పగిలితే చుట్టుపక్కల కండ వాచి చీము పడుతుంది.

చీముగడ్డ కథ వేరు. గడ్డిపరక గుచ్చుకొన్నా, తోటి జంతువు కరచినా, పంటి కుదురు చెడినా అది పుడుతుంది. ముట్టుకుంటే వేడి, నొప్పి. వీటి చీము నీళ్ళలా ఉండదు. గట్టి పెరుగులా చిక్కగా ఉంటుంది. అందువల్ల చిన్న గాటు పెట్టి కార్చివేయడం తరచుగా చాలదు. వైద్యుడు తెరచి లోపల శుభ్రపరచడమో, సంచితో సహా తీసివేయడమో చేయవలసి వస్తుంది. గొంతు కింద బిళ్ళలు కట్టినట్లు వాపు వస్తే అది స్ట్రెప్టోకాకస్ జాతి క్రిముల పని కావచ్చు. అది ఒకదానినుండి మరొకదానికి అంటుతుంది గనుక జతను వేరుచేయాలి. పొదుగు దగ్గర గడ్డను, ఆడదానిలో గాని మగదానిలో గాని, ఏమాత్రం ఉపేక్షించరాదు. అవును, మగవాటికీ రొమ్ము కణుతులు వస్తాయి. వాటిలో చెడ్డవి ఉండే అవకాశం హెచ్చు.

బయటికి కనిపించని గడ్డ మరొకటి ఉన్నది. వయసు మళ్ళిన ఆడ గినీపిగ్‌లలో అండాశయాలమీద నీటితిత్తులు ఏర్పడడం మిక్కిలి సాధారణం. బొచ్చు రెండు డొక్కల దగ్గరా సమానంగా పలచబడుతుంది, పొట్ట ఉబ్బుతుంది, శాంతంగా ఉండే జంతువు చిరాకు పడుతుంది. ముసలితనమే కదా అని ఇంటివారు సరిపెట్టుకొనే లక్షణాలే ఇవన్నీ. వీటికి శస్త్రచికిత్స ఒక మార్గం. హార్మోను సూదిమందు మరొకటి. సూదితో నీరు తీసినా ఉపశమనం కలుగుతుంది, కాని అది తాత్కాలికమే.

ఇన్నిటిలో ఏదో తేల్చేది చూపు కాదు, సూది. సన్నని సూదితో గడ్డలోని పదార్థాన్ని కొద్దిగా తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తే చాలావరకు గుట్టు బయటపడుతుంది. దీనికి సాధారణంగా మత్తు కూడా అవసరముండదు. ఖరగ్‌పూర్ వంటి పట్టణంలో ఆవులకు, మేకలకు, కుక్కలకు వైద్యం చేసేవారు దొరికినంత సులభంగా గినీపిగ్ ఎరిగిన వైద్యుడు దొరకకపోవచ్చు. హౌరా అక్కడికి రైలుమార్గాన సుమారు 115 కిలోమీటర్లు. 1893లో బెంగాల్ పశువైద్య కళాశాల వెలసిన కోల్‌కతా బెల్‌గాఛియాలోనే, 1995లో ఏర్పడిన రాష్ట్ర జంతు, మత్స్య శాస్త్రాల విశ్వవిద్యాలయం ఉన్నది. ప్రయాణమే తప్పనిసరి అయితే తెల్లవారుజామున, ఎండ ముదరకముందే బయలుదేరాలి. ఖరగ్‌పూర్ ఎర్రనేలమీద వైశాఖమాసపు వడగాడ్పు మనుషులకే గడ్డు పరీక్ష. 30 డిగ్రీలు దాటిన ఉక్కలోనే ఈ జంతువుకు వడదెబ్బ తగులుతుంది. బుట్టలో గడ్డి, దోసకాయ ముక్క, వీలైతే తోడుగా దాని జత జంతువు ఉండాలి. పెంపుడు ప్రాణులను రైలులో తీసుకువెళ్ళే నిబంధనలను పార్సెల్ ఆఫీసులో ముందుగా అడిగి తెలుసుకోవడం మంచిది. ఇది రైల్వే కుటుంబాలకు ఒకరు చెప్పవలసిన మాట కాదు.

కత్తి పెట్టించాలా, వద్దా? తండ్రి మాటలోని న్యాయం ఇక్కడ తెలుస్తుంది. బ్రిటన్‌లో 2008లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, మత్తు ఇచ్చిన కుక్కలలో మరణాలు వెయ్యికి రెండు కంటె తక్కువ; గినీపిగ్‌లలో వందకు దాదాపు నాలుగు. కనుక ఆరేళ్ళ జంతువు నడుముమీద చింతగింజంత తిత్తి నొప్పి లేకుండా, పెరగకుండా ఉంటే, దానిని అలాగే ఉండనిచ్చి కనిపెట్టి చూడడం వివేకమే. అలాగని వదిలివేయడం వేరు, కనిపెట్టి చూడడం వేరు. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడా వంటింటి కాటా. పెరిగిన గినీపిగ్ సాధారణంగా 700 నుండి 1200 గ్రాములు తూగుతుంది. వారం వారం ఒకే వేళకు తూచి గోడ క్యాలెండరుమీద రాసిపెడితే, గడ్డ కొలతకంటె ఎక్కువ విషయం ఆ అంకెలే చెబుతాయి. వేటాడబడే జాతిలో పుట్టిన ఈ ప్రాణి తన బాధను దాచుకుంటుంది. తిండి తింటున్నట్లే నటిస్తూ కూడా చిక్కిపోగలదు. బరువులో పదింట ఒక వంతు తగ్గినా, గడ్డ నెలలో రెట్టింపయినా, పుండుపడినా, అది వైద్యుని దగ్గరికి వెళ్ళవలసిన రోజు.

శస్త్రచికిత్సకే నిశ్చయిస్తే, మనుషులవలె, కుక్కలవలె ముందురాత్రినుండి పస్తు పెట్టరాదు. గినీపిగ్ వాంతి చేసుకోలేదు. పైగా దాని పేగు కొన్ని గంటలు ఖాళీగా ఉన్నా కదలిక మందగించి ప్రాణం మీదికి వస్తుంది. ఇంటికి తెచ్చిన తరువాత గాయంకంటె నోటినే ఎక్కువగా గమనించాలి. తనంతట తాను తినకపోతే, దాని దాణా గుళికలను నానబెట్టి మెత్తగా నూరి, సూది లేని సిరంజితో చెంప పక్కనుండి కొంచెం కొంచెంగా, పగలూ రాత్రీ పట్టించవలసి ఉంటుంది. గంపలో రంపపుపొట్టు తీసివేసి మెత్తని పాతగుడ్డ పరచాలి. పొట్టు కుట్లకు అంటుకుంటుంది.

గాయం మానడానికి కావలసిన విటమిన్-సి ని ఈ జంతువు, మనిషివలెనే, తన ఒంటిలో తయారుచేసుకోలేదు. 1907లో నార్వే శాస్త్రజ్ఞులు హోల్స్ట్, ఫ్రోలిక్ వీటికి కేవలం ధాన్యం పెట్టి చూచినప్పుడు నావికులను పీడించిన స్కర్వీ వ్యాధి బయటపడింది. ఆ విటమిన్ అన్వేషణకు దారి చూపినది గినీపిగే. రోజుకు కిలో బరువుకు 10 నుండి 30 మిల్లీగ్రాములు చాలు, జబ్బులో మరికొంత. ఖరగ్‌పూర్ గోల్‌బజారులో దొరికే జామకాయ చిన్న ముక్క, గుప్పెడు కొత్తిమీర, కొంచెం కాప్సికం ఆ అవసరాన్ని తీరుస్తాయి. నీళ్ళలో చుక్కలు కలిపితే విటమిన్ త్వరగా నశిస్తుంది. పెరట్లోని లేత గరిక, ఎండుగడ్డి ఎప్పుడూ దాని ముందు ఉండాలి. వరిగడ్డి పడకకు పనికివస్తుంది గాని పోషణకు చాలదు.

వైద్యం ఇక సాగదన్న దశ కొన్నిటికి వస్తుంది. కదలక మూల కూర్చొని, బొచ్చు నిక్కబొడుచుకొని, పళ్ళు పటపటలాడిస్తూ, ఇష్టమైన కొత్తిమీరను కూడా వాసన చూచి వదిలివేస్తుంది. నొప్పి తగ్గించే మందును పశువైద్యుడు సరియైన మోతాదులో ఇవ్వగలడు. బాధ లేకుండా కన్ను మూయించడమూ అతని చేతిలో ఉన్నదే. ఆ మాట ఇంటి పిల్లవాని దగ్గర దాచడం కంటె, బుట్టతోపాటు వానిని కూడా వెంట తీసుకువెళ్ళే తల్లిదండ్రులు మంచి పని చేసినవారవుతారు. వెనుక ఒంటరిగా మిగిలిన జత జంతువును కూడా చూచుకోవాలి. గినీపిగ్‌లు గుంపులో బ్రతికే ప్రాణులు. స్విట్జర్లాండులో 2008నాటి చట్టం వాటిని ఒంటరిగా పెంచడాన్నే నిషేధించింది. కొన్నాళ్ళపాటు దానిని కూడా వారం వారం కాటామీద పెట్టి చూస్తుండాలి.