ప్రతిభ గల పెంకి ఆటగాడు - జట్టు పాట్లు

క్రికెట్టులో పదకొండుగురు ఉంటారు. ఒకడు అలిగి బౌండరీ దగ్గర నిలబడినా ఆట కొంతసేపు సాగుతుంది. బాస్కెట్‌బాల్‌లో మైదానంలో ఉండేది అయిదుగురే. వారిలో ఒకడు మొరాయించి, అతడే అందరిలో ప్రతిభావంతుడైతే, ఏమి చేయాలి? తొలగించాలా, భరించాలా? సాయంత్రాలు మైదానంలో గడిపే మాకు ఈ ప్రశ్న కొత్తది కాదు. అమెరికా దేశపు క్రీడాకారుడు డెన్నిస్ రాడ్‌మన్ చరిత్ర ఇందుకు చక్కని ఉదాహరణ. అతనిని మూడు జట్లు మూడు విధాలుగా నడిపాయి.

గురితప్పి రింగుకు తగిలి వచ్చే బంతిని ఒడిసిపట్టడాన్ని రీబౌండ్ అంటారు. చూపరుల చప్పట్లు బుట్టలో బంతి వేసినవానికే. కాని తప్పిన బంతి ఎవరి చేతికి చిక్కితే తరువాతి అవకాశం వారిది. రాడ్‌మన్ ఎత్తు ఆరడుగుల ఏడంగుళాలు. ఆ దేశపు వృత్తి క్రీడాకారులలో అది గొప్ప ఎత్తేమీ కాదు. అయినా 1991-92 మొదలు 1997-98 వరకు వరుసగా ఏడు సీజన్లు రీబౌండ్ల సగటులో అతడే ప్రథముడు. ఇట్టివానిని వదులుకోవడానికి ఏ జట్టుకు మనసొప్పుతుంది?

1986లో అతడు డెట్రాయిట్ పిస్టన్స్ జట్టులో చేరాడు. శిక్షకుడు చక్ డేలీ అతనిని కన్నకొడుకు వలె ఆదరించాడు. 1989లోను, 1990లోను ఆ జట్టే విజేత. 1992లో డేలీ వెళ్ళిపోయాడు. మరుసటి ఫిబ్రవరిలో ఒక రాత్రి, స్టేడియం వెలుపల కారులో తుపాకితో నిద్రిస్తున్న రాడ్‌మన్‌ను పోలీసులు చూచారు. ఆ రాత్రి ప్రాణం తీసుకోవాలని తలచానని తరువాత అతడే చెప్పుకొన్నాడు. ఆదరణ అంతా ఒక్క మనిషిలోనే ఉన్నది, ఆయనతోనే వెళ్ళిపోయింది.

1993లో శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టు అతనిని తీసుకొని నిబంధనలను నమ్ముకొన్నది. జరిమానాలు, సస్పెన్షన్లు వచ్చాయి. 1994-95లో 62 విజయాలతో ఆ జట్టు లీగులో అగ్రస్థానాన నిలిచింది. కాని తరువాతి నాకౌట్ పోటీలలో, ఆట నుండి తప్పించి కూర్చోబెట్టినపుడు, రాడ్‌మన్ బూట్లు విప్పి గీత పక్కన పడుకొన్నాడు! చివరకు హ్యూస్టన్ చేతిలో ఓటమి. ఆ అక్టోబరులో విల్ పెర్డ్యూ అనే ఆటగానికి మారుగా రాడ్‌మన్‌ను చికాగో బుల్స్‌కు ఇచ్చివేశారు. నిబంధనలు తప్పని మేము అనజాలము. సకాలానికి వచ్చే మిగతా ఆటగాళ్ళు చేసిన పాపమేమి?

చికాగో ముందుగా మైకేల్ జోర్డన్, స్కాటీ పిపెన్‌ల సమ్మతి తీసుకొన్నది. 1991లో ఇదే రాడ్‌మన్ పిపెన్‌ను ఆటలో వెనుకనుండి తోసి గాయపరచినవాడు! కనుక ఈ సమ్మతి లాంఛనం కాదు. మినహాయింపు ఇచ్చినది యజమానులు మాత్రమే కాదు, దాని భారం మోయవలసిన తోటి ఆటగాళ్ళు కూడ. శిక్షకుడు ఫిల్ జాక్సన్‌కు లకోటా ఆదివాసుల సంప్రదాయాలతో పరిచయం ఉన్నది. వారిలో హెయోకా అనే ఒక రకపు మనిషి ఉంటాడు. అన్ని పనులు తలక్రిందులుగా చేస్తాడు. అయినా సమాజంలో అతనికొక గౌరవస్థానం ఉన్నది. నీవు మాకు అట్టివాడవని జాక్సన్ రాడ్‌మన్‌తో చెప్పాడు. జుట్టు ఏ రంగు వేసుకొన్నా అడగలేదు. రక్షణలోను, రీబౌండ్‌లోను మాత్రం రాజీ లేదు. 1995-96లో 82 ఆటలలో 72 గెలిచారు. 1996, 1997, 1998లలో వరుసగా విజేతలైనారు.

అంతటితో అతడు బుద్ధిమంతుడైనాడని కాదు. 1997 జనవరిలో ఒక కెమెరామన్‌ను తన్ని 11 ఆటలకు దూరమైనాడు. 1998 ఫైనల్స్ నడుమ అభ్యాసం ఎగగొట్టి కుస్తీ ప్రదర్శనకు పోయాడు! జరిమానా పడినది. తరువాతి ఆటకు వచ్చి రీబౌండ్లు పట్టాడు, చికాగో గెలిచింది.

జోర్డన్ వంటి నాయకుడు, జాక్సన్ వంటి శిక్షకుడు ఉండబట్టే ఇది సాగినదని మా అభిప్రాయం. తరువాత 1999లో లాస్ ఏంజిలిస్ లేకర్స్ 23 ఆటలకే, 2000లో డల్లాస్ 12 ఆటలకే అతనిని పంపివేశాయి. అప్పటికి వయసూ మీరినదనుకోండి.

2011లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో రాడ్‌మన్‌కు స్థానం లభించింది. డేలీ అప్పటికి రెండేళ్ళ క్రితమే మరణించాడు. వేదికపై తన పక్కన నిలువవలసినదిగా రాడ్‌మన్ కోరినది జాక్సన్‌నే. మాటలు రాక చాలాసేపు కన్నీరు పెట్టుకొని, తనకు తండ్రులవలె నిలిచినవారి పేర్లు చెప్పాడు. వారిలో ఆ శిక్షకులిద్దరూ ఉన్నారు.