నగలు కుదువ పెట్టకముందు ఒక్క మాట!

మా ప్రొద్దుటూరు సంగతి మీకు తెలియనిది కాదు. 'రెండో బొంబాయి' అని పేరు. పెళ్ళికి నగలు కొనేదీ ఇక్కడే, కష్టమొస్తే అవే నగలు కుదువ పెట్టేదీ ఇక్కడే. ఈమధ్య ఆ కష్టాల్లో పిల్లల విదేశీ చదువు కూడా చేరింది.

పోయిన వేసవిలో ఒకరోజు మా మరదలు, అంటే మా తమ్ముడి భార్య, ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని మా ఇంట్లో కూర్చుంది. అందులో ఆమె హారం, నాలుగు గాజులు, మా అమ్మ వడ్డాణం ఉన్నాయి.

"వదినా, పాప అమెరికాలో ఎమ్మెస్ చేస్తానంటాంది. అంగడాయన నీకు తెలిసినోడే కదా, వచ్చి ఒక మాట చెప్పు" అంది.

"పాపకు అక్కడ ఏం చేయాలనుందంట?" అన్నాను.

"పరిశోధన చేయాలంట. ఎప్పటికైనా ప్రొఫెసరు కావాలంట."

"అట్లయితే ఆ సంచి ఇంటికి తీసుకుపో. ముందు పాపను పంపించు" అన్నాను.

నేనెందుకలా అన్నానో చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి. 1993లో తిరుపతిలో ఎమ్మెస్సీ చదువుతున్నప్పుడు మా మేడం ఒక విదేశీ స్కాలర్‌షిప్ దరఖాస్తు నా చేతిలో పెట్టారు. ఇంటికి తెస్తే నాన్న "విమానం టికెట్టుకు యాడ తెచ్చేదమ్మా?" అన్నారు. నేను మారు మాట్లాడలేదు. కాగితం ట్రంకుపెట్టెలోకి పోయింది. పెళ్ళయిన పదేళ్ళకు పెట్టె సర్దుతూ దాన్ని మొదటిసారి పూర్తిగా చదివాను. రానూపోనూ విమానం ఖర్చు వాళ్ళదేనని రెండో పేజీలో ఉంది! నాన్నను తప్పు పట్టను. మా ఇద్దరిలో ఎవరమూ రెండో పేజీ తిప్పలేదు, అంతే.

అప్పటినుంచి హైస్కూల్లో సైన్సు చెబుతూ, ఎవరి పిల్లలకు అవసరమైనా ఆ రెండో పేజీలు చదివి పెట్టడం అలవాటు చేసుకున్నాను. ఈ ఏడాదిలో మూడు ఊళ్ళ నుంచి ముగ్గురు నా దగ్గరికొచ్చారు. ముగ్గురిదీ ఒకే ప్రశ్న, మూడు వేరువేరు వయసులు.

డిగ్రీ అయిన పాప

మొదటిది మా మేనకోడలే. బీటెక్ బయోటెక్నాలజీ చదివింది. "అత్తా, ఎమ్మెస్ చేయకుండా పీహెచ్‌డీకి ఎట్లా పోతారు?" అంది.

చాలామందికి తెలియని విషయం ఇదే. అమెరికాలో ఎమ్మెస్‌కు ఎక్కువమంది సొంత డబ్బే పెట్టుకోవాలి. సైన్సు, ఇంజనీరింగు పీహెచ్‌డీలో మాత్రం సీటుతో పాటే సాధారణంగా అసిస్టెంట్‌షిప్ ఇస్తారు. అంటే వారానికి 20 గంటల దాకా పాఠం చెప్పడంలోనో, ప్రయోగశాలలోనో పనిచేస్తే ఫీజు మాఫీ చేసి నెలనెలా జీతం ఇస్తారు. నాలుగేళ్ళ డిగ్రీతో నేరుగా పీహెచ్‌డీకి తీసుకునే విశ్వవిద్యాలయాలు అక్కడ చాలా ఉన్నాయి. అయితే అయిదారేళ్ళ ఓపిక కావాలి. రెండేళ్ళలో ఉద్యోగం కావాలనుకునే వాళ్ళకు ఇది పనికిరాదు.

ఒక్క దేశాన్నే నమ్ముకోవద్దని కూడా పాపకు చెప్పాను. 2025లో పరిశోధన నిధులకు కోత పడి అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించుకున్నాయి. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. పీహెచ్‌డీ చేసేవాళ్ళను ఉద్యోగులుగా జీతమిచ్చి పెట్టుకోవడం అక్కడ మామూలే. కాకపోతే ముందు మాస్టర్స్ ఉండాలంటారు. యూరప్‌లో మేరీ క్యూరీ పేరు మీద నడిచే డాక్టొరల్ నెట్‌వర్క్‌లు ఏ దేశం వాళ్ళనైనా తీసుకుంటాయి.

ఎస్సీ కుటుంబాల పిల్లలు, సంచార జాతుల, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలు కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గురించి తప్పక కనుక్కోవాలి. విదేశాల్లో మాస్టర్స్‌కూ పీహెచ్‌డీకీ ఇస్తారు. ఏటా 125 మందికి ఇచ్చేలా పెట్టిన ఈ పథకంలో 30 శాతం ఆడపిల్లలకే. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, వయసు 35 లోపు ఉండాలి.

పీహెచ్‌డీ మధ్యలో ఉన్న అమ్మాయి

రెండో అమ్మాయిది జమ్మలమడుగు. నాతో పనిచేసిన టీచరమ్మ కూతురు. పెన్న ఒడ్డు పల్లెల్లో బావుల నీళ్ళ మీద పరిశోధన చేస్తోంది. "ఇక్కడ పీహెచ్‌డీలో చేరిపోయాను కదా మేడం, ఇంక బయటికి పోయే అవకాశం లేనట్టేనా?" అంది దిగులుగా.

లేకేం! ఇక్కడి పీహెచ్‌డీ ఇక్కడే ఉంచుకుని కొన్ని నెలలు బయట పనిచేసి రావచ్చు. ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టొరల్ ఫెలోషిప్ అలాంటిదే. మన దేశంలో పీహెచ్‌డీకి నమోదైన వాళ్ళను 6 నుంచి 9 నెలలు అమెరికా విశ్వవిద్యాలయానికి పంపుతారు. రానూపోనూ టికెట్టు, నెలవారీ భత్యం, ఆరోగ్య బీమా అన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఏయే సబ్జెక్టులకు ఇస్తారో ఏటా వచ్చే ప్రకటనలో ఉంటుంది. జర్మనీ వాళ్ళ డాడ్ సంస్థకు కూడా ఇలాంటి గ్రాంట్లు ఉన్నాయి.

వాళ్ళమ్మ భయం వేరు. "పోయిన పిల్ల మళ్ళీ వస్తుందా?" అంది. ఫుల్‌బ్రైట్ మీద పోయినవాళ్ళు తిరిగొచ్చి రెండేళ్ళు స్వదేశంలో ఉండాలని వీసా నిబంధనే ఉంది. అది లేకుండా అక్కడ స్థిరపడే వీసాలు ఇవ్వరు. ఆ మాట విన్నాక ఆమె ముఖం తేటపడింది. ఎక్కువ కాలం బయట ఉన్న శాస్త్రవేత్తలు తిరిగొచ్చి పనిచేయడానికి మన ప్రభుత్వమే రామలింగస్వామి, రామానుజన్ ఫెలోషిప్‌లు పెట్టింది. కాబట్టి దారి రెండు వైపులా ఉంది.

పిల్లల తల్లి

మూడో ఆమె పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా బస్సెక్కి వచ్చింది. పశువుల జబ్బుల మీద పీహెచ్‌డీ చేసి తొమ్మిదేళ్ళయింది. ఇద్దరు పిల్లలు. మధ్యలో అయిదేళ్ళు ఇంటికే అంకితం. "నా టైం అయిపోయిందక్కా. ఊరికే అడిగి పోదామని వచ్చినా" అంది. ఆ మాట నన్ను కలుక్కుమనిపించింది. ట్రంకుపెట్టె ముందు కూర్చుని నేను అనుకున్నదీ అదే.

ఇద్దరం కాగితం తీసుకుని లెక్క వేశాం. ఫుల్‌బ్రైట్ పోస్ట్‌డాక్టొరల్‌కు పీహెచ్‌డీ నాలుగేళ్ళ లోపుదై ఉండాలి. అది పోయింది. జర్మనీ హంబోల్ట్ ఫెలోషిప్‌లో అనుభవమున్న పరిశోధకుల విభాగం ఉంది. పీహెచ్‌డీ అయ్యాక 12 ఏళ్ళ దాకా అర్హులే. గడువు తేదీ అంటూ లేదు, ఏడాది పొడుగునా దరఖాస్తు పంపవచ్చు. వెంట వచ్చే కుటుంబానికి కూడా సాయం చేస్తారు. ఇక యూరప్ మేరీ క్యూరీ పోస్ట్‌డాక్టొరల్ ఫెలోషిప్ పీహెచ్‌డీ తర్వాత 8 ఏళ్ళ లోపు పరిశోధన అనుభవాన్నే అడుగుతూ వచ్చింది. పరిశోధనకు దూరంగా ఉన్న ఏళ్ళను అందులో కలపదు. అంటే ఈమె లెక్కలో తొమ్మిదేళ్ళు కాదు, నాలుగేళ్ళే!

అయితే తేలిక అని చెప్పి మభ్యపెట్టలేను. ఇటీవలి పరిశోధన వ్యాసాలు లేకపోతే ఏ ఫెలోషిప్ అయినా కష్టమే. అందుకే మొదటి మెట్టు ఇక్కడే ఎక్కమన్నాను. చదువు మధ్యలో ఆగిన మహిళల కోసం కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ 2002-03 నుంచి ప్రత్యేక పథకాలు నడుపుతోంది. వాటితో రెండు మూడేళ్ళు పనిచేసి నాలుగు వ్యాసాలు రాస్తే బయటి తలుపు తట్టవచ్చు.

వయసు మాట వచ్చినప్పుడల్లా నాకు జానకి అమ్మాళ్ గుర్తొస్తారు. మన కడప మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో ఆమె మద్రాసులో కాలేజీ పాఠాలు చెప్పేవారు. ఆసియా మహిళల కోసం అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం పెట్టిన బార్బర్ స్కాలర్‌షిప్‌తో వెళ్ళి, 1931లో డాక్టరేట్ అందుకున్నారు. 1940ల్లో ఇంగ్లండులో పరిశోధన చేశారు. 1951లో నెహ్రూ పిలిస్తే తిరిగొచ్చారు. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. ఆ తర్వాత కూడా పరిశోధన మానలేదు.

దరఖాస్తు చేసేముందు

* గడువుకు ఏడాది ముందే మొదలుపెట్టండి. చాలావాటికి అక్కడి ప్రొఫెసరు అంగీకార పత్రం కావాలి. అది రావడానికి నెలలు పట్టవచ్చు.

* ఆ ప్రొఫెసరుకు రాసే ఉత్తరం పొట్టిగా ఉండాలి. వాళ్ళ వ్యాసం ఒకటి చదివి, దాని మీద మీకొచ్చిన ప్రశ్న రాయండి.

* ఫెలోషిప్ 'ఇప్పిస్తాం' అని డబ్బడిగే వాళ్ళను నమ్మకండి. మా బంధువులొకరు ఇలాగే ఒక కన్సల్టెన్సీకి కట్టిన డబ్బు తిరిగి రాలేదు. ప్రకటన ఎప్పుడూ ఆ సంస్థ నుంచే చూసుకోండి.

* నిబంధనలు ఏటా మారుతుంటాయి. పోయినేడు అక్క నింపిన ఫారం చూసి ఈ ఏడు చెల్లెలు నింపకూడదు.

* పిల్లల కోసం ఆగిన కాలాన్ని దాచకండి. తేదీలతో సహా రాయండి. అది మీకు మేలే చేస్తుంది.

మా మేనకోడలు ఎనిమిది చోట్లకు దరఖాస్తు పెట్టింది. అయిదు చోట్ల కాదన్నారు. ఒకచోట నుంచి జవాబే లేదు. రెండు చోట్ల ఇంటర్వ్యూ అయింది, ఫలితం రావాలి. రాకపోతే వచ్చే ఏడు మళ్ళీ రాస్తుందట. మొన్న వాళ్ళింటికి పోతే మరదలు కాఫీ చేతికిస్తూ, "వదినా, ఆ ఫారాల్లో రెండో పేజీ నేనే తిప్పి చదివిస్తాండా" అంది.

మా అమ్మ వడ్డాణం బీరువాలోనే ఉంది.