పిప్పిపన్నే కదా అనుకోకండి!

ముఖం వాచిందంటే ఆలస్యం పనికిరాదు

పన్ను నొప్పికి ఎవరైనా చస్తారా అని తేలిగ్గా తీసిపారేసేవారు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. నాట్లు అయ్యాక చూద్దాం, కోతలు అయ్యాక చూద్దామంటూ నెలల తరబడి నెట్టుకొస్తారు. నొప్పి లేచినప్పుడు లవంగం నూనె అద్దిన దూది పెడతారు. లేదా మందుల షాపులో రెండు బిళ్ళలు కొని మింగుతారు. నొప్పి తగ్గుతుంది, జబ్బు తగ్గదు. ఒకనాడు తెల్లవారేసరికి బుగ్గ బూరెలా పొంగి ఉంటుంది.

ఇది మన ఊళ్ళ సంగతి మాత్రమే కాదు. నోటి జబ్బులతో బాధపడేవారు ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మంది ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించింది. వారిలో ప్రతి నలుగురిలో ముగ్గురు మన దేశం వంటి మధ్య ఆదాయ దేశాలవారే.

నొప్పి ఆగితే నయమైనట్లు కాదు

పన్ను పుచ్చితే మొదట నల్లటి గుంట పడుతుంది. అక్కడినుంచి క్రిములు పన్ను నడుమనున్న నరం దాకా దిగుతాయి. నరం చచ్చిపోగానే నొప్పి ఆగుతుంది. బాగైపోయిందని చాలామంది మోసపోయేది ఇక్కడే. క్రిములు వేరు చివర చేరి చీము పట్టిస్తాయి. ఆ చీము ఎముకను తొలుచుకుని బయటికి దారి వెతుక్కుంటుంది. పై పన్నుదైతే బుగ్గలోకి, కంటి కిందికి పాకుతుంది. కింది పన్నుదైతే దవడ కిందికి, గొంతు వైపుకు దిగుతుంది.

కొందరికి దవడ మీదో గడ్డం మీదో చిన్న పుండు లేచి నెలల తరబడి రసి కారుతుంటుంది. ఎన్ని పూత మందులు రాసినా మానదు. మూలం పన్నులో ఉంటే, పన్నుకు వైద్యం చేయించాకే అది మానుతుంది.

ప్రాణం తీసే వాపు

కింది దవడ పళ్ళ చీము నాలుక కిందికి, గడ్డం కిందికి రెండు వైపులా పాకడం అన్నిటికన్నా ప్రమాదం. లుడ్విగ్ అనే జర్మనీ వైద్యుడు 1836లో దీన్ని వివరించాడు. అందుకే 'లుడ్విగ్స్ ఆంజైనా' అంటారు. గడ్డం కింద చెక్కలా గట్టిపడి, నాలుక పైకి లేచి, ఊపిరి దారి మూసుకుపోతుంది. పెన్సిలిన్ వంటి మందులు రాకముందు ఈ జబ్బు చేసినవారిలో సగానికి పైగా చనిపోయేవారు. ఇప్పుడు వేళకు ఆసుపత్రికి చేరినవారిలో ఎక్కువమంది బతుకుతున్నారు. అయితే ఇది గంటల్లో ముదురుతుంది. చక్కెర జబ్బు ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఇవి చేయకండి

వాపు మీద కాపడం పెట్టవద్దు. చీము చర్మం వైపుకు వచ్చి ముఖం మీదే పగిలితే జీవితాంతం మచ్చ మిగులుతుంది. ఇంట్లో సూదితో పొడవవద్దు. నొప్పి బిళ్ళను చిగురు మీద పెడితే చిగురు కాలి పుండు పడుతుంది. గవదబిళ్ళలనుకుని పసరు పూసి ఊరుకోవద్దు. ఒక ఇంజక్షనుతో సరిపెట్టుకున్నా లాభం లేదు. వాపు తగ్గినా, చీము తీసి పన్నుకు వైద్యం చేయకపోతే మళ్ళీ వస్తుంది.

పై పన్ను పీకిస్తే కళ్ళు పోతాయని భయపడేవారున్నారు. చూపునిచ్చే నరం వేరు, పంటి నరం వేరు. నిజానికి పీకించకుండా వదిలేసిన పై పన్ను చీమే కంటిదాకా పాకే ప్రమాదం ఉంది.

పిల్లల చిగుళ్ళు చూడండి

నోటిలో మొదలై ముఖాన్నే తినేసే జబ్బు మరొకటి ఉంది. దాని పేరు నోమా. ఆఫ్రికాలోని నైజర్, నైజీరియా వంటి దేశాల్లో, తిండి చాలక, తట్టు వంటి జబ్బులతో నీరసించిన 2 నుంచి 6 ఏళ్ళ పిల్లలకు ఎక్కువగా వస్తుంది. చిగురు పుండుగా మొదలై కొద్ది రోజుల్లోనే బుగ్గను తినేస్తుంది. వైద్యం అందకపోతే పదిమందిలో తొమ్మిదిమంది చనిపోతారు. మొదట్లోనే మందులు, మంచి తిండి అందితే ఆగిపోతుంది. నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 2023 డిసెంబరులో చేర్చింది. మన దగ్గర ఇది అరుదే. అయినా జ్వరంపడి లేచిన పిల్లవాడి నోరు కంపు కొట్టినా, చిగుళ్ళ నుంచి నెత్తురు కారినా ఆసుపత్రిలో చూపించాలి.

ఎప్పుడు పరుగెత్తాలి?

నోరు రెండు వేళ్ళు పట్టేంతైనా తెరుచుకోకపోయినా, ఉమ్మి మింగలేకపోయినా, మాట ముద్దగా వచ్చినా, వాపుతో కన్ను మూసుకుపోయినా, జ్వరం, ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా ఆగకూడదు. వెంటనే 108కి ఫోను చేయాలి. ఊపిరాడని మనిషిని వెల్లకిలా పడుకోబెట్టకుండా కూర్చోబెట్టే తీసుకెళ్ళాలి. హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రులున్నాయి. ఊపిరికి ఇబ్బందిగా ఉంటే మాత్రం అంతదూరం చూడకుండా ముందు దగ్గరి పెద్దాసుపత్రికి చేర్చాలి.

పన్ను జివ్వున లాగినప్పుడే ఒక పూట పని మానుకుని వెళితే పన్నే దక్కవచ్చు. ముఖం వాచాక వెళితే ఎన్ని రోజుల కూలి పోతుందో చెప్పలేం.